నాయన చెవిన పడని మాట

పొద్దున్నే మార్కెట్టు వీధి చివరి టీ కొట్టు దగ్గర నా ఈడు వాళ్లం నలుగురైదుగురం చేరతాం. మోకాళ్ల సంగతి, కంటి శుక్లాల సంగతి ముగిశాక అందరం ఎటు తిరిగీ ఒక చోటికే వస్తాం. ఎదురుగా ఉన్న మనిషి పేరు నోటికి రాలేదు, ఇది మతి పోవడానికి మొదలా? పని ఎప్పుడు మానాలి? మానమని పిల్లలు చెప్పేదాకా ఉండాలా, మనమే తెలుసుకోవాలా? ఇంట్లో మన మాటకు విలువ తగ్గిందా, లేక మనమే అట్లా అనుకుంటున్నామా?

ఈ ప్రశ్నలు నాకు కొత్త కావు. పాతికేళ్ల కిందట మా నాయన నా ముందు అడిగినవే. జవాబు తెలుసుకుని చెప్పాల్సిన వాణ్ని, తెలుసుకోకుండానే ఒక జవాబు తయారుచేసి ఆయన నెత్తిన పెట్టాను. అది ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మాది తమిళనాడులో వేలూరు దగ్గర గుడియాత్తం. తాతల కాలం నుంచీ కట్టుబడి పని. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు అక్షరాలు మా ఇంట్లో ఎవరికీ రావు. నేనూ యాభై ఎనిమిదో ఏట, చిత్తూరు నుంచి తెప్పించుకున్న ఒకటో తరగతి వాచకం ముందు పెట్టుకుని నేర్చుకున్నాను. ఆ వయసులో ఏం వస్తుందిలే అన్నవాళ్లున్నారు. వచ్చింది. ఒత్తులు మాత్రం ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాయి.

తొంభైల్లో మా పని ఒక్కసారిగా పెరిగింది. ఆంబూరులో బూట్ల ఫ్యాక్టరీలు పెద్దవయ్యాయి. అందులో మేనేజర్లు, సూపర్‌వైజర్లు అయినవాళ్లు వేలూరులో, కాట్పాడిలో స్థలాలు కొని మేడలు మొదలుపెట్టారు. వీధికొక ఎస్టీడీ బూత్, ఇంటికొక కేబులు వైరు. నేనూ ఒక కార్డు అచ్చు వేయించుకున్నాను, పేరు కింద ‘బిల్డింగ్ కాంట్రాక్టర్’ అని. కార్డులో ఏమున్నా, కూలీలకు మా నాయన ‘పెద్ద మేస్త్రి’, నేను ‘చిన్న మేస్త్రి’. నలభై ఏళ్ల వాణ్ని ఇంకా చిన్న మేస్త్రి అంటుంటే నాకు ఒళ్లు మండేది. ఇంటి యజమానుల ముందు, ఇంజనీర్ల ముందు నాయన నన్ను ‘ఒరే అప్పా’ అని తెలుగులో కేక వేస్తే ఇంకా మండేది. అందుకని పని దగ్గర తెలుగు మానేశాను. నాయనతో కూడా అరవంలోనే మాట్లాడేవాణ్ని. ఆయన తెలుగులో బదులు చెప్పేవాడు. నేను వినీ విననట్టు తల తిప్పుకునేవాణ్ని.

ఆ రోజు కాట్పాడిలో ఒక ఇంటికి స్లాబు వేస్తున్నాం. నేను పైన ఉన్నాను. కింద కాంక్రీటు కలిపే చోట నాయన ఉన్నాడు. నీళ్లు ఎంత పట్టాలో ఆయన చేతికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు కాబట్టి ఆ పని ఎప్పుడూ ఆయనదే. కాంక్రీటు నింపిన ఇనుప బాండలీలు చేతులు మారుతూ పైకి వస్తున్నాయి. మెట్ల దారిలో వేసిన పలక ఒకటి పక్కకు ఒరిగి, దాని మీదున్న కూలి మనిషి కాలు జారింది. నేను పైనుంచి “నిల్లు! నిల్లు!” అని అరిచాను. అరవంలో ఆగమని. వరస వరసంతా ఆగింది. నాయన ఒక్కడే చటుక్కున వంగి, బకెట్టు ముంచి కలిపిన కుప్ప మీద గుమ్మరించాడు. తలెత్తి నన్ను చూసి, ఇంకో బకెట్టూ గుమ్మరించాడు.

కాంక్రీటు జావ అయిపోయింది. గొడుగు పట్టుకుని నిలబడిన ఇంటి యజమాని నోరు తెరిచి చూస్తున్నాడు. నేను దడదడా కిందికి దిగాను. కోపంలో తెలుగే వచ్చింది.

“ఏం చేస్తా ఉండావు నాయనా?”

“నువ్వే గదప్పా అడిగినావు!”

“నేనా? నేనేమి అడిగినాను?”

“పైనుంచి అరిచినావు గదా, ఒకటికి రెండు తూర్లు.”

కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. “పెద్ద మేస్త్రికి ఎండ నెత్తికెక్కినట్టుండాది” అన్నారు ఇంకెవరో. ‘నీకేమి వినబడింది నాయనా?’ అని ఒక్క మాట అడిగి ఉంటే అక్కడితో పోయేది. నేను అడగలేదు. యజమానికి అర్థం కావాలని అరవంలోకి మారి, అందరూ వినేలా చెప్పాను: ఈయనకు వయసైపోయింది, బుర్ర పనిచేయడం లేదు, రేపటి నుంచి పనికి రాడు.

నాయన చేతులు కడుక్కున్నాడు. తుండుగుడ్డతో తుడుచుకున్నాడు. నా మొహం చూడకుండా బస్టాండు వైపు నడిచాడు.

ఒకసారి బుర్ర పోయిందని అనేశాక, రుజువులు వాటంతటవే కనబడసాగాయి. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. ఇంటి ముందు దింపిన ఇటుకల లోడు ఎప్పుడొచ్చిందని అడిగితే, “తిన్నాను లేప్పా” అనేవాడు. పెళ్లిళ్లకు వెళ్తే ఒక మూల కూర్చుని, అందరూ నవ్వి ఊరుకున్నాక నవ్వేవాడు. టీవీ ముందు ఐదు నిమిషాలు కూర్చోలేకపోయేవాడు. చూసిన బంధువులంతా “వయసైపాయ గదప్పా, అంతే” అన్నారు. నాకు ఆ మాట వినసొంపుగానే ఉండేది. నేను చేసింది తప్పు కాదని అందరూ కలిసి చెబుతున్నట్టు ఉండేది.

బజారులో ఇనుప సామాను అంగడి శెట్టి ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు. ఆయనా మా తెలుగువాడే.

“చెప్పకూడదు గానీ అప్పా, మీ నాయన్ని కొంచెం చూసుకోండి.”

“ఏమైంది?”

“దినాము తెల్లారితే చాలు వీధులెమ్మట తిరగతా ఉండాడు. ఒకో ఇంటి గోడ కాడ నిలబడి చెయ్యి పెట్టి తడుముతాడు. ఏదో గొణుక్కుంటాడు. మళ్లా ఇంకో ఇంటికి పోతాడు. నిన్న మా గోడ కాడికీ వచ్చినాడు. ఏంది మేస్త్రీ అంటే ఉలిక్కిపడి ఎలబారిపాయ.”

ఇంటికొచ్చి ఈ సంగతి నా భార్యకు చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

“నాతో ఒక్క దినమన్నా తప్పు మాట్లాడలేదే మామ. వేళకు తింటాడు, తిన్న తట్ట కడుగుతాడు. నిన్న గూడా ఉప్పు తక్కువాయె అన్నాడు, నిజంగానే తక్కువ.”

“నీకు తెలీదులే. పని కాడ చూస్తే తెలుస్తాది.”

“నువ్వేమన్నా డాక్టరువా? దేశమంతా రైలెక్కి రాయవేలూరు పెద్దాసుపత్రికి వస్తా ఉండాది. మనకు గంట సేపు బస్సులో కూర్చునేదానికి బరువా?”

సరే అన్నాను. నిజం చెప్పాలంటే వైద్యం చేయించాలని కాదు. నా మాటే నిజమని డాక్టరు నోటితో చెప్పించుకుందామని.

బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. విరించిపురంలో బస్సు ఆగి ఇంజను ఆపేసినప్పుడు నా వైపు తిరిగాడు.

“నాకు పిచ్చి పట్టిందా అప్పా?”

“అట్లాంటిదేమీ లేదులే నాయనా.”

“లేకుంటే నన్నెందుకు పిలుచుకొని పోతావు? నాకూ అనుమానంగానే ఉండాది. అందుకే దినాము పరీక్ష పెట్టుకుంటా ఉండా.”

“ఏం పరీక్ష?”

“నేను కట్టిన ఇండ్లు గదా అవి. గోడ మీద చెయ్యి పెట్టి, ఇది ఏ ఏడు కట్టినాను, లోపల వంటిల్లు యాడుండాది, ఏ వాకిలి ఎటు తిరిగిండాది అని చెప్పుకుంటా. ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదు. తప్పిన దినం నీకు చెప్తామనుకున్నా. నువ్వు తొందరపడినావు.”

కండక్టరు వచ్చి టికెట్టు అడిగాడు. ఆ చిల్లర వెతుక్కోవడంలో నా మొహం దాచుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రవాడు. నాయనను ఎదురుగా కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగాడు. ఈరోజు ఏ వారం, ఏ నెల, మీ ఊరు, మీ పిల్లలు. నాయన అన్నీ చెప్పాడు. వందలోంచి ఏడు తీయండి, అందులోంచి మళ్లీ ఏడు తీయండి అంటే, ఆయన ఆపమనేదాకా తీసుకుంటూ పోయాడు. “ఇంకా తీయాలా, ఇటుకలైపోతా ఉండాయి” అన్నాడు. డాక్టరు నవ్వి, ఏదో రాసుకుంటూ తల వంచుకుని ఇంకో మాట అడిగాడు. నాయన పలకలేదు. డాక్టరు తలెత్తాడు. కాగితం నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ అడిగాడు. నాయన ఆయన కళ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. డాక్టరు కాగితం దించి, మమ్మల్ని చెవుల విభాగానికి పంపాడు.

అక్కడ పరీక్ష చేసే అమ్మాయిది చిత్తూరు వైపు. నాయనను ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. ఆమె ఇవతల మైకులో ఒక్కో మాట చెబుతుంది, ఆయన దాన్ని తిరిగి చెప్పాలి. ఊరు గుడియాత్తం అని ఉండటం చూసి అరవం మాటలు మొదలుపెట్టింది. నేను ఆమె పక్కనే స్టూలు మీద కూర్చున్నాను.

ఆమె అరవంలో పన్ను అని అర్థమొచ్చేలా “పల్లు” అంది. నాయన “పాలు” అన్నాడు. రాయి అని అర్థమొచ్చేలా “కల్లు” అంది. ఆయన తన కళ్ల వైపు వేలు చూపించి “కండ్లు” అన్నాడు. ఆమె పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంటూ, “నిల్లు” అంది.

“నీళ్లు” అన్నాడు నాయన, ఏ తడబాటూ లేకుండా.

నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. ఆ అమ్మాయి రాసుకుంటూ పోతోంది. నా మొహం చూసి ఆపింది.

“ఏమైంది సార్?”

“మా నాయన చేసిన తప్పేంటో ఇప్పుడు తెలిసిందమ్మా.”

జరిగింది ఆమెకు చెప్పాను. మూడు నాలుగు మాటల్లోనే చెప్పగలిగాను. అంత చిన్న సంగతి. ఆమె కలం కింద పెట్టింది.

“ఆయనకు గొంతు వినబడుతుంది సార్, మాట పూర్తిగా వినబడదు. సగం ముక్కే చెవిలో పడుతుంది. మిగతా సగం ఆయన బుర్ర పూరించుకుంటుంది, చిన్నప్పటి నుంచీ వచ్చిన భాషతో. పనికి రాని బుర్ర అంత వేగంగా పూరించుకోగలదా? మీరు తెలుగులోనే చెప్పి ఉంటే సరిగ్గా ఊహించుకునేవాడేమో.”

తరువాత తెలుగు మాటలతో పరీక్ష పెట్టింది. నాయన చాలా వరకు సరిగ్గా చెప్పాడు. అన్నీ కాదు. బయటికి వచ్చాక ఆయన ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడి, తన ప్రశ్నలు ఒక్కొక్కటే బయటపెట్టాడు. ఎన్నాళ్ల నుంచి మోస్తున్నాడో.

“అమ్మా, ఇది ఇంకా ఎక్కువైతాదా?”

“కొంచెం కావచ్చు తాతా. మెల్లగా.”

“చెవి తర్వాత బుర్ర గూడా పోతాదా?”

“పోవాలని ఏమీ లేదు. యంత్రం పెట్టుకోండి, నలుగురితో మాట్లాడతా ఉండండి. ఒక మూలన మాత్రం కూర్చోవద్దు.”

“మనుషుల పేర్లు మర్చిపోతా ఉండా.”

“నేనూ మర్చిపోతాను. మా వార్డులో సగం మంది పేర్లు నాకు తెలీవు.”

“పనికి పోవచ్చునా?”

ఆమె నవ్వి నా వైపు చూసింది. “అది ఆసుపత్రి చెప్పేది కాదు తాతా. మీ కాలికి, చేతికి తెలుస్తుంది.”

రెండోసారి వెళ్లినప్పుడు యంత్రం ఇచ్చారు. చొక్కా జేబులో పెట్టుకునే చిన్న డబ్బా, దాని నుంచి చెవికి తీగ. వచ్చేటప్పుడు పళ్లికొండ దగ్గర లారీ హారన్ కొడితే నాయన సీట్లో ఎగిరిపడ్డాడు. “ఈ లోకం ఇంత గోల చేస్తా ఉండాదా అప్పా! ఇన్నాళ్లు సుఖంగా ఉండినా గదా!” అన్నాడు. ముందు సీటు ఆడమనిషి వెనక్కి తిరిగి నవ్వింది. ఎన్నో నెలల తర్వాత ఆయన అందరితో పాటే నవ్వాడు.

కథ అక్కడ ముగిసి ఉంటే నా తప్పు సగమే. మిగతా సగం తరువాత చేశాను.

సంగతి తెలిశాక కూడా రెండు నెలలు నాయనను పనికి పిలవలేదు. సిమెంటు దుమ్ముకు యంత్రం పాడవుతుంది నాయనా అన్నాను. ఎండలు తగ్గనీ అన్నాను. అసలు కారణం వేరే. ఆయన లేని ఆ నెలల్లో కూలీలు నన్ను చిన్న మేస్త్రి అనడం మానేశారు. మేస్త్రి అంటున్నారు. ఒకరిద్దరు కాంట్రాక్టరు అంటున్నారు. ఆ రుచి మరిగాను. ముసలివాళ్లను ఇంట్లో కూర్చోబెట్టేది వాళ్ల వయసు ఒక్కటే కాదు, వాళ్ల చోటు కావాల్సిన వాళ్లూ కూర్చోబెడతారు. అట్లాంటి వాళ్లలో నేనొకణ్ని. నాయనకు ఇది తెలుసా అని చాలాసార్లు అనుకున్నాను. నా భార్యకు మాత్రం తెలుసు.

“దుమ్ము పడతాదని డబ్బాకు సంచి కుట్టినా. మూతికి గుండీ గూడా పెట్టినా. ఇంకేమన్నా సాకు ఉండాదా?” అంది ఒకరోజు అన్నం వడ్డిస్తూ. లేదు అన్నాను.

కాట్పాడిలోనే ఒక బడి పంతులుకి కొత్త ఇల్లు. పునాది గుర్తులు వేసే రోజు. ఖాళీ స్థలంలో మేకులు కొట్టి, దారాలు లాగి, మూలలు సరిచూసి, సున్నంతో గీతలు పోయాలి. మూల ఒక వేలెడు తప్పినా ఇల్లంతా వంకరే. అప్పుడే పని మొదలుపెడుతున్నాం. నాయన రోడ్డు దిగి వస్తూ కనబడ్డాడు. ఒంటరిగా బస్సెక్కి వచ్చాడు. చేతిలో దారపు ఉండ, మెడలో గుడ్డ సంచి, చెవికి తీగ. నా భార్య చెప్పి పంపిందని తరువాత తెలిసింది.

“పెద్ద మేస్త్రి రేడియో తెచ్చుకున్నాడు రోయ్!” అని అరిచాడు ఒక కూలి.

“అవునప్పా. నువ్వు ఎప్పుడు పని చేస్తావో వార్తల్లో చెప్తారేమోనని వింటా ఉండా.”

అందరూ నవ్వారు. ఈసారి నవ్వు ఆయన వైపు ఉంది. వచ్చినవాడు నన్నేమీ అడగలేదు. దారం కొస ఒకటి నా చేతికిచ్చి, రెండో కొస పట్టుకుని అటు చివరి మేకు దగ్గరికి నడిచాడు. మా మధ్య ముప్పై అడుగుల దారం. పక్కన పంతులు, ఆయన తెచ్చుకున్న ఇంజనీరు, ఆనాడు నవ్విన కూలీలు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పనని నాకు తెలిసింది. గొంతెత్తి, తెలుగులోనే అరిచాను.

“నాయనా! ఆ దినం తప్పు నాది! నీ బుర్ర పోయిందని అందరి ముందరా అన్నాను! నీకేమి ఇనబడిందో అడగనే లేదు! అడిగేదానికి నాకు పొగరు అడ్డమాయె!”

పని చేసేవాళ్లంతా చేతులు ఆపి చూశారు. ఇంజనీరు టేపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నాయన ఒక చేత్తో చెవి మూసుకుని, ఇంకో చేత్తో డబ్బా మీద చక్రం తిప్పి తగ్గించాడు.

“అంత గట్టిగా అరస్తావెందుకురా? డబ్బా పెట్టుకొనే ఉండా గదా. వేలూరు కోట దాకా ఇనబడింటాది” అన్నాడు. ఆ తర్వాత, “తప్పు సంగతి అన్నం కాడ మాట్లాడుకుందాం. ముందు దారం లాగి పట్టుకో, సడలిపాయ.”

లాగి పట్టుకున్నాను. ఆయన మూడు, నాలుగు, అయిదు అడుగుల లెక్కతో మూల కలిపాడు. ఇంజనీరు వచ్చి కొలిచి, తల ఊపి, రెండో మూలకు వెళ్లాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర నాయన తన షరతులు చెప్పాడు. పైకి ఎక్కను, కాళ్లలో మునుపటి పట్టు లేదు. మూలలు, మట్టాలు నావి. నాతో మాట్లాడితే ఎదురుగా నిలబడి మన మాటలో మాట్లాడు. తప్పు చేశాననుకుంటే ముందు అడుగు, తర్వాత కేకలెయ్యి.

“ఇంకొకటి” అన్నాడు మజ్జిగ కలుపుకుంటూ. “చాలు అనే మాట నేనే చెప్తా. నువ్వు చెప్పేది కాదు.”

అట్లా ఇంకో ఆరేళ్లు వచ్చాడు. ప్రతిరోజూ కాదు, గుర్తులు వేసే రోజుల్లో, స్లాబు ముందు మట్టం చూసే రోజుల్లో. నన్ను మళ్లీ చిన్న మేస్త్రి అన్నారు. మొదట్లో కొంచెం గుచ్చుకుంది. తర్వాత పట్టించుకోలేదు.

ఆరో ఏట ఒక ఉదయం గుడియాత్తం బస్టాండులో కాట్పాడి బస్సు వచ్చి నిలబడింది. నాయన ఒక కాలు మెట్టు మీద పెట్టి, మళ్లీ కిందికి దించాడు.

“చాలప్పా” అన్నాడు.

“ఏమైంది నాయనా?” అడిగాను, ఎదురుగా వచ్చి నిలబడి.

“మోకాలు చెప్పింది. బాగా ఇనబడింది.” ఆయన మొహంలో దిగులు లేదు. పని ముగించుకుని చేతులు కడుక్కున్న మనిషిలా ఉన్నాడు. “నువ్వు పో. మూలలు చూసుకో. అనుమానమొస్తే సాయంత్రం వచ్చి అడుగు.”

బస్సు కదిలింది. నేను ఎక్కలేదు. తర్వాతి బస్సు వచ్చేదాకా సిమెంటు బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని, ఆ వారం కట్టాల్సిన గోడ గురించి మాట్లాడుకున్నాం.